చికాగో–మిల్వాకీ కరెంటు రైలును సిమ్యులేటర్‌లోకి దించాలంటే చిక్కులెక్కడ?

కంప్యూటర్‌లో రైలు నడిపే ట్రైన్ సిమ్యులేటర్‌కి రూటు కట్టడం అంటే మ్యాపు దగ్గర పెట్టుకుని పట్టాలు పరచడం, పక్కన చెట్లూ ఇళ్ళూ పెట్టడం, చివర్లో ఓ ఇంజన్ తెచ్చి నడపడం అనుకుంటారు చాలామంది. విజయవాడ నుంచి గూడూరు దాకా మెయిన్ లైను కడితే దాదాపు అంతే. పని బండెడు ఉంటుంది గానీ, ఏం చేయాలో తెలిసిన పనే. అమెరికాలో ఒకప్పుడు ఊరికీ ఊరికీ మధ్య తిరిగిన కరెంటు రైళ్ళలో, అంటే ఇంటర్‌అర్బన్లలో, ఒకదాన్ని ఎత్తుకుంటే మాత్రం వ్యవహారం వేరుగా ఉంటుంది. అక్కడ పని కన్నా సాఫ్ట్‌వేర్‌తో పేచీ ఎక్కువ.

2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్ గానీ, ఆ ఫైళ్ళనే చదువుతూ ఇప్పటికీ పెరుగుతున్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్ రైల్స్ గానీ, ఒక రకం రైల్వేని ముందే ఊహించుకుని కూర్చున్నాయి. దానికి సొంత స్థలం ఉంటుంది, మొదటి నుంచి చివరి దాకా సిగ్నళ్ళు ఉంటాయి, కరెంటు అంటే పైన ఒకే ఎత్తులో ఒకే తీగ, రోడ్డు అంటే గేటు దగ్గర అడ్డం వచ్చేది. ఇంటర్‌అర్బన్ వీటిలో ఒక్కటీ పూర్తిగా పాటించదు. అది ఒక ఊళ్ళో ట్రాము, ఊరు దాటాక ఎక్స్‌ప్రెస్, మహానగరంలో స్తంభాల మీద నడిచే మెట్రో. ఒకే రైలు, ఒకే ప్రయాణంలో. రూటు కట్టేవాడికి ఎదురయ్యే తలనొప్పులన్నీ ఈ ఒక్క తేడా నుంచే పుడతాయి.

ఉదాహరణకి నార్త్ షోర్ లైన్‌ని తీసుకుందాం. పూర్తి పేరు చికాగో నార్త్ షోర్ అండ్ మిల్వాకీ రైల్‌రోడ్. 1916లో ఇది శామ్యూల్ ఇన్సల్ చేతికొచ్చింది. ఈయన ఒకప్పుడు ఎడిసన్‌కి సెక్రటరీ, తర్వాత చికాగో కరెంటు వ్యాపారమంతా గుప్పిట్లో పెట్టుకున్న మనిషి. కరెంటు అమ్ముకునేవాడికి రోజంతా కరెంటు తాగే రైల్వే ఉంటే అంతకన్నా ఏం కావాలి? 1919 నుంచి నార్త్ షోర్ రైళ్ళు చికాగోలో 'ఎల్' అని పిలిచే ఎత్తైన మెట్రో పట్టాలెక్కి నేరుగా నగరం నడిబొడ్డుకి వచ్చేశాయి. 1926లో మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న పాత దారికి తోడుగా, పడమటి పక్కన స్కోకీ వ్యాలీ రూట్ అనే కొత్త దారి తెరిచారు. పాత దారి ఊళ్ళ మధ్య నుంచి ఆగుతూ పోతుంది, కొత్తది నేరుగా ఎగిరిపోతుంది. 1930ల మొదట్లో ఇన్సల్ సామ్రాజ్యం కుప్పకూలినా రైలు మాత్రం నడుస్తూనే ఉంది. ఒడ్డు దారి 1955లో మూతపడింది. మిగిలిందంతా 1963 జనవరి 21న, గడ్డకట్టే చలిలో ఆగిపోయింది.

ముందు తేదీ, తర్వాతే మ్యాపు

ఉన్న లైన్ కడుతుంటే అనుమానం వచ్చినప్పుడు వెళ్ళి చూసి రావచ్చు. లేని లైన్‌కి ఆ సౌకర్యం లేదు. కాబట్టి ఏ సంవత్సరం నాటి రూటు కడుతున్నామో మొదటి రోజే తేల్చుకోవాలి. '1940లూ 50లూ, అటూఇటూగా' అని మొదలుపెట్టిన రూట్లలో ఎప్పుడూ కలిసి ఉండని వస్తువులన్నీ ఒకే ఫ్రేములో కనిపిస్తాయి. ఇది చాదస్తం కాదు. తేదీ మారితే పట్టాల ఎత్తు కూడా మారిపోయే చోట్లు ఈ లైన్లో ఉన్నాయి.

విన్నెట్కా అనే ఊరు చూడండి. ఒడ్డు దారి పక్కనే చికాగో అండ్ నార్త్ వెస్టర్న్ అనే పెద్ద రైల్వే పట్టాలు కూడా ఈ ఊరి మధ్య నుంచే పోయేవి. 1938 దాకా రెండూ నేల మట్టంలోనే ఉండేవి, రోడ్డు దాటాలంటే పట్టాల మీదుగానే. తర్వాత కేంద్ర ప్రభుత్వ నిధులతో ఊరు పొడవునా కందకం తవ్వి, రెండు రైల్వేల పట్టాలనూ అందులోకి దించి, రోడ్లను వంతెనల మీదికి ఎక్కించారు. ఆ పని 1943కి పూర్తయింది. ఇప్పటి ఉపగ్రహ చిత్రమో, ఇప్పటి భూమి ఎత్తుల డేటానో తెచ్చుకుంటే అందులో ఆ కందకం ఉంటుంది. మీ రూటు 1930 నాటిదైతే దాన్ని పూడ్చాలి, గేట్లు పెట్టాలి. 1950 నాటిదైతే ఉంచాలి. మధ్యలో 1940 అంటే మట్టికుప్పలూ తాత్కాలిక పట్టాలూ పెట్టుకోవాలి. అంత ఓపిక నాకైతే లేదు.

ఊరి పేర్లు కూడా అంతే. ఇప్పుడు స్కోకీ అంటున్న ఊరి పేరు 1940 దాకా నైల్స్ సెంటర్. ఎడెన్స్ ఎక్స్‌ప్రెస్‌వే 1951లో వచ్చింది. అంతకు ముందు తేదీ పెట్టుకుంటే దాని వంతెనలూ కట్టలూ డేటాలోంచి చెరిపేయాలి. చికాగో నడిబొడ్డున ఎల్ పట్టాలు చుట్టు తిరిగే లూప్‌లో ఇప్పుడు రైళ్ళు రెండు దిశల్లోనూ తిరుగుతాయి. 1913 నుంచి 1969 దాకా మాత్రం రెండు పట్టాల మీదా ఒకే దిశలో, గడియారం ముల్లుకి ఎదురుగా తిరిగేవి. పక్కనున్న నార్త్ వెస్టర్న్ రైళ్ళేమో అమెరికాలో దాదాపు అందరికీ భిన్నంగా ఎడమ పక్క పట్టా మీద నడిచేవి. ఈ సంగతి తెలియకుండా ఎదురు రైళ్ళు పెడితే తెలిసినవాళ్ళు నవ్వుతారు.

నన్నడిగితే 1950 వేసవి మంచి తేదీ. రెండు దారులూ బతికే ఉన్నాయి, కందకం పూర్తయింది, ఎక్స్‌ప్రెస్‌వే ఇంకా రాలేదు, మిల్వాకీలో ట్రాములు ఇంకా తిరుగుతున్నాయి, ఎల్ మీద పాత చెక్క పెట్టెలూ ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యం, 1941లో వచ్చిన ఎలక్ట్రోలైనర్లు అనే వేగపు రైళ్ళు రెండూ పరుగులో ఉన్నాయి.

ఆధారాల విషయంలో అమెరికా అదృష్టవంతురాలు. అక్కడి భూసర్వే సంస్థ ఎత్తుపల్లాలు చూపే పాత టోపో మ్యాపులన్నీ ఉచితంగా దించుకోవచ్చు. ఇల్లినాయ్ రాష్ట్రంలో 1930ల చివర్లో విమానం నుంచి తీసిన ఫోటోలు దొరుకుతాయి. పట్టణాల కోసం శాన్‌బోర్న్ ఫైర్ ఇన్సూరెన్స్ మ్యాపులున్నాయి. అగ్నిప్రమాద బీమా లెక్కల కోసం గీసినవి కాబట్టి వాటిలో ప్రతి కట్టడం కొలతలూ, ఎన్ని అంతస్తులో, దేనితో కట్టారో కూడా ఉంటుంది. గులాబీ రంగు ఇటుక కట్టడం, పసుపు చెక్క కట్టడం. వీధి పక్కన ఇళ్ళు పెట్టడానికి ఇంతకన్నా మంచి ఆధారం ఉండదు. వేగ పరిమితులకి మాత్రం ఉద్యోగుల టైమ్‌టేబుల్ సంపాదించాల్సిందే, ప్రయాణికుల టైమ్‌టేబుల్‌లో అవి ఉండవు.

నేల విషయంలో ఒక సాంకేతిక సంగతి. మైక్రోసాఫ్ట్ తరహా రూటులో భూమిని 2,048 మీటర్ల చదరాలుగా కోస్తారు, ప్రతి 8 మీటర్లకీ ఒక ఎత్తు ఉంటుంది. 8 మీటర్ల జల్లెడలో రెండు మీటర్ల రైలు కట్ట సరిగ్గా నిలబడదు. అందుకే కట్టలనూ కందకాలనూ నేలను లాగి చేయడం కన్నా విడి త్రీడీ వస్తువులుగా పెడితే నయం.

90 అడుగుల మలుపు

ఎలక్ట్రోలైనర్ గురించి చెప్పకుండా ఈ లైన్ గురించి మాట్లాడటం కుదరదు. సెయింట్ లూయీ కార్ కంపెనీ కట్టిన ఈ రైలు స్కోకీ వ్యాలీ మీద గంటకి 80 మైళ్ళు దాటి పరుగెత్తేది. అదే రైలు లూప్‌లోకి వచ్చాక 90 అడుగుల వ్యాసార్ధం ఉన్న మలుపులు తిరగాలి. అంటే 27 మీటర్లు. మన 24 మీటర్ల పొడవు పెట్టె ఏదీ ఆ మలుపు తిరగలేదు. అందుకే రైలును నాలుగు పొట్టి పెట్టెలుగా చేసి, పక్కపక్క పెట్టెల చివర్లు రెండూ ఒకే ట్రక్కు మీద, అంటే పెట్టె కింద చక్రాలుండే చట్రం మీద, కూర్చునేలా అతికించారు. నాలుగు పెట్టెలకి ఎనిమిది ట్రక్కులకు బదులు ఐదే.

సిమ్యులేటర్‌లో ఇది రెండు వైపుల నుంచి ఇబ్బంది పెడుతుంది. మొదటిది పట్టాలు. మైక్రోసాఫ్ట్ తరహాలో పట్టాలు ముందే తయారుచేసిన ముక్కలుగా వస్తాయి, ఎక్కువగా ఆ జాబితాలో ఉన్న వ్యాసార్ధాలే వాడాలి. మెయిన్ లైను కోసం చేసిన ముక్కల్లో ఇంత బిగుతు మలుపులు తక్కువ. ట్రాము పట్టాల ముక్కలు విడిగా చేసిన వాళ్ళున్నారు, అవి వెతుక్కోవాలి. ట్రెయిన్జ్ లాంటి సిమ్యులేటర్లలో పట్టాను తాడులా ఎలా కావాలంటే అలా వంచొచ్చు, ఈ ఒక్క విషయంలో అది సుఖం. రెండోది రైలు. నాలుగు పెట్టెల్నీ కలిపి ఒకే పొడవాటి మోడల్‌గా చేస్తే నేరు దారిలో బాగానే ఉంటుంది, మొదటి మలుపులోనే పక్క మేడ గోడలోంచి దూసుకుపోతుంది. నాలుగూ విడి వాహనాలుగా చేసి, ఉమ్మడి ట్రక్కును ఒక పెట్టెకే ఇచ్చి, రెండోదాని చివర దాని మీద ఆనినట్టు కొలతలు సరిచూసుకోవాలి.

కరెంటు సంగతి

అసలు పీటముడి ఇక్కడుంది. మన రైల్వేలో పైన 25,000 వోల్టుల ఏసీ తీగ, దాన్ని తాకుతూ రైలు నెత్తిన ఉండే పాంటోగ్రాఫ్. బెంగళూరు మెట్రోలో పట్టాల పక్కన కరెంటు పారే మూడో పట్టా, అంటే థర్డ్ రైల్. మన దగ్గర ఏ రైలైనా ఏదో ఒకటే వాడుతుంది. నార్త్ షోర్ రైలు ఎల్ మీద చాలా దూరం థర్డ్ రైల్ నుంచి కరెంటు తీసుకుని, బయటికొచ్చాక నెత్తిమీది పొడవాటి ట్రాలీ పోల్ ఎత్తి పై తీగకి తగిలించుకునేది. పాత కలకత్తా ట్రాముల నెత్తిన ఉండే కర్ర లాంటిదే. ఈ పోల్ ఎప్పుడూ వెనక్కి వాలి ఉండాలి. రైలు దిశ మారితే ఒక పోల్ దించి, రెండో చివరిది ఎత్తాలి.

ఓపెన్ రైల్స్‌కి ట్రాలీ పోల్ అంటే తెలియదు, పాంటోగ్రాఫ్ ఒకటే తెలుసు. కాబట్టి వెనక పోల్‌ని మొదటి పాంటోగ్రాఫ్‌గా, ముందు పోల్‌ని రెండోదానిగా చెప్పి బుకాయిస్తాం. పైకి కిందకి కదిలే యానిమేషన్‌లో పోల్ లేస్తుంది, దిగుతుంది. థర్డ్ రైల్‌ని తాకి కరెంటు తీసుకునే షూని మూడో పాంటోగ్రాఫ్‌గా పెట్టుకోవచ్చు, దానికి కదలిక అక్కర్లేదు. పోల్ నిజంగా తీగని తాకుతుందా లేదా అని సాఫ్ట్‌వేర్ చూడదు. ఎల్ మీద పోల్ ఎత్తుకుని నడిపినా ఏమనదు. ఆ క్రమశిక్షణ నడిపేవాడిదే.

తీగ విషయం ఇంకాస్త మొండిది. రూటు ఫైలులో 'కరెంటు లైను' అని ఒక గుర్తు, తీగ ఎత్తు ఒక అంకె ఉంటాయి. మొత్తం రూటుకీ అదే. ఆ గుర్తు పెడితే ఎల్ మీద కూడా తీగ గీసేస్తుంది, థర్డ్ రైల్ ఉన్నచోట తీగే ఉండకూడదు. పక్కన స్టీమ్ ఇంజన్లు నడిచే నార్త్ వెస్టర్న్ పట్టాల మీదా గీస్తుంది. అందుకని నా సలహా: ఆ ఆటోమేటిక్ తీగను ఆపేసి, తీగలన్నీ త్రీడీ వస్తువులుగా చేత్తో పెట్టుకోవడమే. చాకిరీ ఎక్కువే, కాదనను. కానీ వీధిలో రెండు వైపులా స్తంభాల మధ్య అడ్డంగా కట్టిన తీగకి వేలాడే ఒంటి తీగ వేరు, స్కోకీ వ్యాలీ మీద పై తీగకి కింద తీగను వేలాడదీసిన కేటనరీ వేరు. చూడగానే ఏ చోటో చెప్పేది ఆ తేడాయే.

ఇక వోల్టేజీ. నార్త్ షోర్ నడిచింది సుమారు 600 వోల్టుల డీసీ మీద. ఒక రైలుకి 1,000 కిలోవాట్లు కావాలనుకుందాం. 25,000 వోల్టుల దగ్గర అది 40 ఆంపియర్లు. 600 వోల్టుల దగ్గర దాదాపు 1,670. అంత కరెంటు తీగలో ఎక్కువ దూరం పోతే వోల్టేజీ పడిపోతుంది, కాబట్టి కొన్ని మైళ్ళకొకటి చొప్పున సబ్‌స్టేషన్ ఉండాల్సిందే. ఇటుక గోడలు, పెద్ద కిటికీలు, లోపల ఏసీని డీసీగా మార్చే రోటరీ కన్వర్టర్ అనే తిరిగే యంత్రం, బయటికి వినిపించే దాని హోరు. రూటులో ఈ కట్టడాలు లేకపోతే కరెంటు ఎక్కడి నుంచి వస్తోందన్న ప్రశ్న మిగిలిపోతుంది. ప్రతి దాని చుట్టూ ఒక శబ్ద ప్రాంతం పెడితే దాటేటప్పుడు హోరు వినిపిస్తుంది. రెండు సబ్‌స్టేషన్ల నడుమ రైలు కాస్త నీరసించడం మాత్రం సిమ్యులేటర్ తనంతట తాను చూపించదు, దానికి తీగ వోల్టేజీ ఎప్పుడూ ఒకటే.

నడిపేటప్పుడు తేడా బాగా తెలిసేది కంట్రోలర్ దగ్గర, అంటే రైలు నడిపే హ్యాండిల్ దగ్గర. సిమ్యులేటర్ మామూలు లెక్క ఇది: థ్రోటిల్ 50 శాతం పెడితే అన్ని వేగాల్లోనూ సగం బలం. ఆలస్యంగానైనా రైలు దాదాపు పూర్తి వేగానికి వెళ్తుంది. ఆ నాటి డీసీ రైలు అలా ప్రవర్తించదు. మోటర్‌మ్యాన్ హ్యాండిల్ 'సిరీస్'లో పెడితే రెండు మోటార్లు ఒకదాని వెనక ఒకటి కలుస్తాయి, 600 వోల్టులు పంచుకుని ఒక్కోదానికి 300 అందుతాయి. మొదట్లో లాగుడు బలంగానే ఉంటుంది, కానీ సగం వేగం దగ్గరికొచ్చేసరికి రైలు ఇక పుంజుకోదు. 'ప్యారలల్'కి మారిస్తే ఒక్కో మోటారుకీ పూర్తి 600, మళ్ళీ ఒక ఊపు. మధ్యలో కరెంటును తగ్గించే రెసిస్టెన్స్‌ల మీద ఉన్న మెట్లలో ఎక్కువసేపు నిలబడితే ఆ రెసిస్టెన్స్‌లు కాలిపోతాయి కాబట్టి అవి ఆగే మెట్లు కావు, దాటిపోయే మెట్లే.

దీన్ని ఓపెన్ రైల్స్‌కి నేర్పడానికి ఒక దారి ఉంది. ఇంజన్ ఫైలులో థ్రోటిల్ ఒక్కో స్థానానికి విడిగా, ఏ వేగంలో ఎంత బలమో పట్టిక రాయొచ్చు. థ్రోటిల్‌కి నాలుగే మెట్లు పెట్టండి. మొదటిది యార్డులో నెమ్మదిగా కదలడానికి, గంటకి 8–10 మైళ్ళకే బలం సున్నా. రెండోది సిరీస్. ఉదాహరణకి 20 మైళ్ళ దాకా పూర్తి బలం, 40 దగ్గర దాదాపు ఏమీ మిగలదు. మూడోది ప్యారలల్, అదే ఆకారం రెట్టింపు వేగాల మీద. నాలుగోది మోటారులోని అయస్కాంత క్షేత్రాన్ని, అంటే ఫీల్డ్‌ని, బలహీనపరిచే మెట్టు, చివరి వేగం కోసం. అంకెలు మీ పెట్టె బరువూ మోటార్లూ చూసి సరిచేసుకోవాలి. పట్టిక మొత్తం ఇరవై ముప్ఫై అంకెలే. కానీ రూటు మొత్తంలో ఇంత తక్కువ శ్రమకి ఇంత ఫలితం ఇచ్చేది ఇంకోటి లేదు. మిల్వాకీ వీధుల్లో సిరీస్‌లో దొర్లుతూ వచ్చి, సొంత దారి పట్టగానే ప్యారలల్‌లోకి తోసినప్పుడు వచ్చే ఊపు కోసమే కొందరు ఇంటర్‌అర్బన్లు నడుపుతారు.

వీధిలో కార్లు, ఎల్ మీద లేని సిగ్నళ్ళు

మిల్వాకీలో రైలు వీధి మధ్యలోంచే వెళ్ళేది, కార్ల పక్కనే. సిమ్యులేటర్‌లో రోడ్లకీ పట్టాలకీ వేరువేరు డేటాబేసులు. రోడ్డు మీద తిరిగే కార్లు లెవెల్ క్రాసింగ్ దగ్గర తప్ప రైలును గుర్తించవు. రోడ్డులోనే పట్టా వేస్తే కారు మీ పెట్టెలోకి దూరి అటువైపు తేలుతుంది. పోయిందనుకున్న పరువు పూర్తిగా పోతుంది. పట్టాలున్న లైనులో కార్లు తిరగకుండా అంచు లైన్లలోనే తిరిగేలా రోడ్డు గీసుకోవాలి, మిగతా కార్లను పార్క్ చేసి పెట్టాలి. కూడళ్ళలో ట్రాఫిక్ లైట్లు అలంకారానికే.

ఎల్ మీద సమస్య దీనికి తలకిందులు. ఆ రోజుల్లో ఎల్ మీద చాలా భాగం సిగ్నళ్ళు లేకుండా, ముందున్న రైలు తోక లైటు చూసుకుంటూ నడిచేవారు. కానీ సిమ్యులేటర్‌లో కంప్యూటర్ నడిపే రైళ్ళకి కళ్ళుండవు. సిగ్నల్ నుంచి సిగ్నల్ దాకా దారి రిజర్వ్ చేసుకుంటాయి. సిగ్నళ్ళు లేకపోతే ఒక్క రైలే మైళ్ళకొద్దీ దారి పట్టుకుని కూర్చుంటుంది, వెనక రైళ్ళన్నీ కదలవు. ఒకదాని వెనక ఒకటి వచ్చే ఎల్ రైళ్ళకి ఇది కుదరదు. అందుకని కంటికి కనిపించని సిగ్నళ్ళు దగ్గరదగ్గరగా పెడతారు. కంప్యూటర్‌కి కనిపిస్తాయి, మనకి కనిపించవు.

స్టేషన్ల విషయంలో మాత్రం అదృష్టం కాస్త కలిసొస్తుంది. చాలా స్కోకీ వ్యాలీ స్టేషన్లకి ఆర్థర్ గెర్బర్ అనే ఆర్కిటెక్ట్ స్పానిష్ ఛాయలున్న ఒకే తరహా నమూనా వాడాడు. ఆ తరహాకి 'ఇన్సల్ స్పానిష్' అనే పేరే స్థిరపడింది. ఒక మోడల్ జాగ్రత్తగా చేసుకుంటే చిన్నచిన్న మార్పులతో చాలా చోట్ల పనికొస్తుంది. డెంప్స్టర్ స్ట్రీట్ స్టేషన్ కట్టడం ఇప్పటికీ ఉంది, ఫోటోలు తీసుకోవచ్చు. డెవాన్ అవెన్యూలో సరుకులు కొనుక్కునే చికాగో తెలుగువాళ్ళకి ఇది దూరమేం కాదు: 1964లో మొదలైన స్కోకీ స్విఫ్ట్, ఇప్పటి యెల్లో లైన్, హోవర్డ్ స్టేషన్ నుంచి డెంప్స్టర్ దాకా నడిచేది ఈ పాత నార్త్ షోర్ దారి మీదే. ఒడ్డు దారి మీద ఇప్పుడు గ్రీన్ బే ట్రయిల్ అనే నడకదారి ఉంది. మోటారు శబ్దాలు, కంప్రెసర్ చప్పుడు కావాలంటే యూనియన్ అనే ఊళ్ళోని ఇల్లినాయ్ రైల్వే మ్యూజియంకి వెళ్ళాలి. అక్కడ నార్త్ షోర్ పెట్టెలు ఇప్పటికీ తీగ కింద నడుస్తాయి, ఒక ఎలక్ట్రోలైనర్ కూడా అక్కడే ఉంది.

చికాగో నుంచి మిల్వాకీ దాకా సుమారు 140 కిలోమీటర్లు. ఒక్కడే మొదటి నుంచి చివరి దాకా కట్టాలని కూర్చుంటే ఎల్ దగ్గరే ఆగిపోతాడు. అక్కడ ప్రతి వంద గజాలకీ మేడల వెనక మెట్లూ, కిటికీలూ, ఇనప స్తంభాలూ చేయాలి. కాబట్టి రెండో చివర నుంచి మొదలుపెట్టడం మేలు. మిల్వాకీ స్టేషన్ నుంచి వీధులు దాటి సొంత దారి పట్టే దాకా కొద్ది మైళ్ళే. అక్కడ థర్డ్ రైల్ లేదు, తీగ ఒకటే, వేగం తక్కువ. వీధి పట్టాలు, కార్ల గొడవ, పోల్ మార్పిడి, కంట్రోలర్ పట్టిక అన్నీ అక్కడే పరీక్షించుకోవచ్చు. తర్వాత దక్షిణంగా రసీన్, కెనోషా వైపు సాగితే పొలాల మధ్య నేరు దారి, అక్కడ పని చకచకా నడుస్తుంది. ఎల్‌ని చివరికి ఉంచి, అప్పటిదాకా హోవర్డ్ దగ్గర రూటు ముగించినా ఎవరూ తప్పు పట్టరు. ఇంకొకరు చేసిన పెట్టెలూ కట్టడాలూ వాడితే ఒక్కోదాని షరతులు ముందే చదివి, అనుమతి లేనివి రూటుతో కలిపి పంచకుండా ఎక్కడ దొరుకుతాయో మాత్రం రాసిపెట్టండి.